పెళ్ళి మేళం, తాళం కప్ప

రెండేళ్ళు నిండినా మా జ్యోతి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఒకరోజు స్టీలు పళ్ళెం జారిపడితే మాత్రం చెవులు మూసుకుని గంటసేపు ఏడ్చింది. వినబడుతోంది, కానీ మన మాట అక్కర్లేదు. అచ్చం వాళ్ళ నాన్నే అనుకుని మూడు నెలలు ఊరుకున్నాను.

మాటలూ రాకపోయేసరికి కారంపూడి నుంచి నరసరావుపేట తీసుకెళ్ళాం. హియరింగ్ టెస్ట్ నార్మల్, థైరాయిడ్ నార్మల్. "డెవలప్‌మెంటల్ డిలే" అన్నారు డాక్టరుగారు. "మందులెన్నాళ్ళు వాడాలండీ?" అని మా ఆయన అడిగారు. "మందుతో తగ్గేది కాదు. నేర్పాలి. నిదానంగా నేర్చుకుంటుంది." అయిదేళ్ళు దాటాక అది "ఇంటెలెక్చువల్ డిసెబిలిటీ" అయింది. పేరు పెరిగింది, మందు మాత్రం రాలేదు.

థెరపీ కోసం వారానికి రెండుసార్లు మాలో ఒకరం దానితో నరసరావుపేట బస్సు ఎక్కేవాళ్ళం. బొత్తాలు పెట్టుకోవడానికి దానికి రెండేళ్ళు పట్టింది. నా ఎమ్మెస్సీకీ రెండేళ్ళే. బొత్తాలే కష్టమని ఒప్పుకుంటాను.

ఏ శుభకార్యానికైనా ఒకరు జ్యోతి దగ్గర ఉండి, మాలో ఒకరే వెళ్ళేవాళ్ళం. మేమిద్దరం కలిసి ఉన్న పెళ్ళి ఫోటో మా పెళ్ళిదొక్కటే. ఒకసారి ముగ్గురం వెళ్తే, బాజాలు మొదలవగానే జ్యోతి కుర్చీ కింద దూరింది. అక్షింతలు వేయకుండానే తిరిగొచ్చాం.

తర్వాత వెల్దుర్తిలో మా చెల్లి పెళ్ళి కుదిరింది. "ఒక్కదానివే వచ్చావంటే పీటల మీద కూర్చోనక్కా" అంది. మూడు నెలల గడువు. థెరపిస్టును అడిగితే, "మేళం ఇంట్లోనే అలవాటు చేయండి. మొదట చిన్నగా" అన్నారు.

రోజూ ఇడ్లీలతో పాటు ఫోనులో పెళ్ళి మేళం.

"ఏందే, రోజూ బాజాలు? పెళ్ళెవరికి?" అంది పక్కింటి రమణమ్మ పిన్ని.

"మా ఆయనకే పిన్నీ. ఇంకా సంబంధం కుదర్లా."

ఒకరోజు మా ఆయన తొందరపడి సౌండు పెంచారు. జ్యోతి ఫోను తీసి సాంబారులో వేసింది. కొత్త ఫోనుతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం.

పెళ్ళినాడు గుమ్మం దాటాక మా ఆయన అడిగారు, "తాళం కప్ప ఏదే?" ఆ కుర్చీ కింద దూరిన పెళ్ళి తర్వాత ఎప్పుడూ ఎవరో ఒకరం ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఉన్న ఒక్క కప్పా తుప్పు పట్టింది, తాళంచెవి లేదు. రమణమ్మ పిన్ని తన తలుపుది ఊడదీసి ఇచ్చింది.

మేళం మొదలైంది. జ్యోతి చెవులు మూసుకుంది, తనని గట్టిగా పట్టుకోమన్నట్టు నన్ను మోచేత్తో పొడిచింది. కుర్చీ మీదే ఉంది.

భోజనాల దగ్గర మా పెద్దమ్మ ఎప్పటిలాగే అడిగింది. "పాపని ఎవరి దగ్గర వదిలొచ్చారే?"

"ఎవరి దగ్గరా వదల్లా పెద్దమ్మా. అదుగో, రెండో బూరె తింటాంది."

ఇప్పుడు మాకు సొంత తాళం కప్ప ఉంది. వేసేది జ్యోతి. అయిదు నిమిషాలు పడుతుంది, ఆగుతాం.

ఇలాంటి పిల్లలున్నవారికి ఇంతే చెబుతాను. వెళ్ళాల్సిన చోటుని ముందు కొంచెం కొంచెంగా ఇంటికి తెచ్చుకోండి. అక్కడ, కావాలంటే లేచి బయటికి రావడానికి వీలుగా, గుమ్మం పక్క కుర్చీ పట్టుకోండి. ఫోను మాత్రం సాంబారుకు దూరంగా ఉంచండి.