నాలుగో మనిషి పుల్లన్న

ఎమ్మిగనూరు పుల్లన్న ఫోటో ఎన్ని ఇళ్లలో ఉందో పుల్లన్నకే తెలియదు. ఆదోనిలో ఉంది, గోనెగండ్లలో ఉంది, తుంగభద్రకు అవతల కన్నడం మాట్లాడే ఊళ్లలోనూ ఉంది. అట్లని ఆయన నాయకుడు కాదు, స్వామీజీ అంతకన్నా కాదు. నడుము పట్టేసేదాకా ఆదోని మార్కెట్లో పత్తి బోరాలు మోసిన హమాలీ.

ఈ పేరంతా కూతురు హేమ పుణ్యమా అని వచ్చింది. హేమ కొన్నాళ్లు ఒక స్టూడియోలో పనిచేసి, పని నేర్చుకుని, సొంతంగా ఒక కెమెరా, ఒక చిన్న ప్రింటరు కొనుక్కుంది. సెలవులొస్తే చాలు, అల్లుడు జోయల్ తన ఆటోలో సామానెక్కిస్తాడు, ముగ్గురూ మంత్రాలయం పోతారు. నదికి పోయే దారి పక్కన గొడుగు పాతి, బల్ల వేసుకుంటారు. పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన తల్లిదండ్రుల ఫోన్లలో ఫోటోలు కోకొల్లలు. గోడ మీద ఒక్కటైనా ఉందా అని హేమ నవ్వుతూ అడుగుతుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగిపోతారు.

ప్రింటరు టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. కాగితం మొదట పసుప్పచ్చగా బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. "అయ్యో, అందరికీ కామెర్లొచ్చినట్టుందే!" అని ఆడవాళ్లు గాబరా పడతారు. "రవ్వంత తాళమ్మా, ఇంగా రంగులు పడాల" అంటాడు పుల్లన్న, ఆ యంత్రాన్ని తానే కనిపెట్టినంత ధీమాగా. తర్వాత ఎరుపు పడుతుంది, ఆ తర్వాత నీలం, చివర్లో తళతళలాడే పూత. అప్పటికి పిల్లలంతా బల్ల మీద పడి ఉంటారు. వాళ్ల చేతులు కాగితానికి తగలకుండా చూడటం కూడా పుల్లన్న పనే.

అయితే ఆయన అసలు ఉద్యోగం వేరు. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని మనవాళ్ల పట్టింపు. దిగితే నడుమ నిలబడిన మనిషికి ఆయుష్షు తక్కువట. ఎవరు చూసొచ్చారో తెలియదు గానీ, ఇంజనీరింగు చదివినవాళ్లు సైతం కెమెరా ముందుకొచ్చేసరికి ఈ మాట దగ్గర వెనకాడతారు. ఇప్పుడేమో చాలా ఇళ్లలో ఒక్క బిడ్డే. అమ్మ, నాన్న, బిడ్డ. ముగ్గురే అయ్యారు, నాలుగో మనిషిని ఎక్కణ్నుంచి తెచ్చేది? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భుజాన టవలు సర్దుకుని, తల దువ్వుకుని పుల్లన్న తయారుగా ఉంటాడు. పిలవగానే పోయి చివరన నిలబడతాడు. ఎవరి పక్కన నిలబడితే వాళ్లింటి పెద్దాయనలాగే ఉంటాడు, అదేం విద్యో!

ఒకసారి ఆదోని బస్టాండులో ఎవరో పసిపిల్ల ఆయన్ని చూసి "మా గోడ మీది తాత!" అని కేక పెట్టింది. బస్సు కోసం నిలబడినవాళ్లంతా తిరిగి చూశారు. గోనెగండ్లలో ఒకరింటికి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ఫోటోలో ఈయనెవరని అడిగితే, ఏం చెప్పాలో తోచక పెదనాన్న అనేశారట. ఆ సంగతి విని పుల్లన్న తెగ మురిసిపోయాడు. పెళ్లికి పిలవలేదని నొచ్చుకున్నాడు కూడా.

ఇంతమంది గోడలెక్కిన మనిషి సొంత గోడ మాత్రం ఖాళీ. భార్య సుంకమ్మ ఉన్నన్నాళ్లూ కూలి పనుల మధ్య ఫోటో ఊసే రాలేదు. ఆమె పోయాక ఇంట్లో మిగిలింది పుల్లన్న, హేమ, జోయల్. లెక్కకు ముగ్గురు. తమ ముగ్గురి ఫోటో ఒకటి ఇంట్లో ఉండాలని హేమకు మహా ఆశ. ఊరందరికీ అచ్చువేసి ఇచ్చే చేతికి ఆ ఆశ ఉండదా మరి! పండగొచ్చినప్పుడల్లా అడిగేది.

"నాలుగో మనిషి రానీలేమ్మా" అనేవాడు పుల్లన్న.

"ఎవరినన్నా పక్కన నిలబెట్టుకుందాం నాయనా."

"మన ఫోటోలో బయటోళ్లెందుకు?"

అందరి ఫోటోల్లోనూ తానే బయటివాడు, ఆ మాట అనడానికి ఆయనకు రవ్వంత కూడా సిగ్గు లేదు. జోయల్‌కు ఈ పట్టింపులేవీ పట్టవు. "దిగుదాం రా మామా, ఏం కాదు" అనేవాడు. ఊహూ. హేమ పెళ్లయి ఏళ్లు గడిచాయి, ఇంకా పిల్లల్లేరు. నాలుగో మనిషి అన్న మాట వినగానే ఆమె లేచి లోపలికి పోయేది. వంట పనుండి పోయిందనుకునేవాడు పుల్లన్న.

మొన్న దసరా సెలవుల్లో ఆదోని నుంచి గురుదత్ అనే లెక్కల టీచరు, భార్య శ్రీలక్ష్మి, కూతురు శ్రీరక్ష బల్ల దగ్గరికొచ్చారు. హేమ కెమెరా ఎత్తగానే గురుదత్ చెయ్యెత్తి ఆపాడు.

"ముగ్గురమైనాము. పెద్దాయనా, నువ్వూ వచ్చి నిలబడు."

పుల్లన్న అప్పటికే సగం దూరం వచ్చేశాడు. "ఆయన వద్దండీ" అంది శ్రీలక్ష్మి మెల్లగా.

"ముగ్గురు దిగకూడదే!"

"మనం ముగ్గురం కాదు."

లెక్కల టీచరు వేలు పెట్టి చూపించాడు. "నేను, నువ్వు, పాప."

"ఇంకోసారి లెక్కపెట్టండి" అని శ్రీలక్ష్మి కొంగు కడుపు మీదికి లాక్కుని తల వంచుకుంది.

ఇంటికి పోయాక తీరిగ్గా చెబుదామని దాచుకున్న శుభవార్త అట్లా దారి పక్కన బయటపడింది. గురుదత్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూతుర్ని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. వాళ్లకన్నా ఎక్కువగా నవ్వింది పుల్లన్నే. ఆ సంతోషం పట్టలేక కూతురి వైపు తిరిగి, దారిన పోయేవాళ్లందరికీ వినపడేటట్టు అన్నాడు:

"హేమమ్మా, నువ్వూ ఒగరోజు ఇట్లే సెప్తావులే! అప్పుడు దిగుదాం మన ఫోటో!"

హేమ ఫోటో తీసింది, ప్రింటర్లో కాగితం పెట్టింది. కాగితం పసుప్పచ్చగా వచ్చి లోపలికి పోతుంటే, దాన్నే చూస్తూ తండ్రికి మాత్రమే వినపడేటట్టు అడిగింది.

"బిడ్డ పుట్టకుంటే మనం ఫోటోకు పనికిరామా నాయనా?"

పుల్లన్నకు పండగ పండగకూ హేమ లేచి లోపలికి పోవడం ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. ఉగాదికి, క్రిస్‌మస్‌కు, కొత్త చీర కట్టుకుని అడిగిన రోజున కూడా అదే మాట అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలీక అంటాంటిని తల్లీ" అన్నాడు. గబగబా ఆటో దగ్గరికి పోయి జోయల్ చెయ్యి పట్టుకున్నాడు. "రాప్పా."

"యాడికి మామా?"

"ఫోటోకు."

కెమెరా తీసుకుపోయి శ్రీలక్ష్మి చేతిలో పెట్టాడు. "అమ్మా, నీ చల్లని చేత్తో మాది ఒగటి తియ్యి."

హేమ నమ్మలేనట్టు చూసింది. "నాలుగో మనిషో?"

"ఎవరూ అక్కర్లేదు. మనింట్లో ఎంతమంది ఉంటే అంతమందే."

హేమ కళ్లు తుడుచుకుని మొగుడికీ తండ్రికీ నడుమ వచ్చి నిలబడింది. పుల్లన్న ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, తాను నడుమకొచ్చాడు. ఎన్నో ఫోటోల్లో చివరన నిలబడిన మనిషి అట్లా నడుమకు రావడం అదే మొదలు.

"నాయనా! నడిమిట్లో వద్దు, నువ్వు ఇట్లా రా!"

"ఊరుకో. నాకుండే ఆయుష్షులో రవ్వంత తగ్గితే ఏం పోతాది?" అని ఇద్దరి భుజాల మీదా చేతులేశాడు. "తియ్యమ్మా, బిన్నా తియ్యి!" అని శ్రీలక్ష్మిని తొందరపెట్టాడు.

ఫోటోలో హేమ కెమెరా వైపు చూడటం లేదు. పడీపడీ నవ్వుతూ, రెండు చేతులా తండ్రి చొక్కా పట్టుకుని పక్కకు లాగుతోంది. పుల్లన్న కదలడం లేదు. సరిగ్గా రాలేదు, ఇంకోటి తీస్తానంది శ్రీలక్ష్మి. పుల్లన్న ఒప్పుకోలేదు. ఎమ్మిగనూరులో వాళ్లింటి గోడ మీద ఇప్పుడున్నది అదే.