ఇంటి కిరాయి, బండి కిరాయి: కూకట్‌పల్లి నుంచి మణికొండ దాకా

సొంత కారులో కూకట్‌పల్లి నుంచి మణికొండ వెళ్లాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. అలాంటి తెలివితక్కువ వాళ్లు మనం తప్ప ఇంకెవరూ ఉండరని మా ఆవిడ సరోజ అంటుంది. ఉంటే గనక వాళ్లకు ముందుగా చెప్పేవాళ్లు ఒకరుండాలి కదా! నాకు చెప్పినవాడు లేకపోయాడు. నిరుడు, డెబ్బై అయిదు వేసవిలో, ఉన్నట్టుండి మా ఆఫీసును ఊళ్లోంచి తీసుకెళ్లి గచ్చిబౌలి బండల మధ్య పెట్టారు. అటు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అప్పటికి మేము గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి, కూకట్‌పల్లిలో సరోజ వాళ్ల అన్నయ్య ఇంట్లో ఒక గదిలో ఎనిమిది నెలలుగా సర్దుకుంటున్నాం. ఎవరైనా ఏం చేస్తారు? ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు చూసుకుంటారు. నేను కారు కొన్నాను.

అది మామూలు కారు కూడా కాదు. తన దేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజినీరు వదిలించుకున్న చిన్న కారు. కంపెనీ పేరు చెప్పను, చెబితే మీలో ఎవరైనా కొనేస్తారని భయం. ఆకారానికి చిన్నదే కానీ దాని దర్జా జమీందారుది. తోలు సీట్లు, ముందు నున్నటి చెక్క పలక, అందులో గుండ్రటి గడియారం. అన్నిటికంటే విడ్డూరం దాని వెనక తలుపు. డిక్కీ మూతలా కాకుండా, అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది. వెనక సీటు మడిచేస్తే ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు. దొరల రోడ్ల కోసం చేసిన ఆ బండిని రోజూ ఆఫీసుకు నడపడమంటే ఏమిటో అనుభవిస్తేగానీ తెలియదు. కడుపు నేలకు జానెడెత్తున ఉంటుంది, కనబడిన ప్రతి రాయినీ పలకరిస్తుంది. నాలుగు మైళ్లకోసారి నీళ్లడుగుతుంది. చిన్న రబ్బరు వాషరు పోతే ఆబిడ్సు మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని, పోయినవాళ్ల ఫోటో చూసినట్టు చూసి, "ఇది ఈడ దొర్కదు సాబ్" అంటాడు. పెట్రోలు లీటరు మూడు రూపాయలు దాటిన రోజుల్లో ఈ వైభోగం! ఆ కారులో ఎన్నడూ మొరాయించనిది ఆ గడియారం ఒక్కటే.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం మేము బయల్దేరింది ఇల్లు చూడటానికి. మణికొండలో నరహరి గారని ఒకాయన రెండు గదులు, వంటిల్లు ఉన్న పెంకుటిల్లు ఇస్తానన్నారు. పదకొండు లోపల రావాలి, ఆ తరవాత వేరేవాళ్లు వస్తున్నారని కబురు పెట్టారు. సరోజకు కావలసింది గదులు కాదు, ఆ వంటిల్లు. వదిన వంటింట్లో ఉప్పు డబ్బా ముట్టుకోవాలన్నా అడగాల్సి వచ్చిన మనిషికి అది ఎంత పెద్ద సంగతో మగవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. తాళంచెవి చేతికిస్తే ఇవాళే పాలు పొంగించేద్దామని ఇత్తడి గిన్నెలో అరసేరు పాలు పోసి, మూత పెట్టి, గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదింటికి బయల్దేరాల్సింది. బండి స్టార్టు కాలేదు. వీధి చివరిదాకా నలుగురు తోసేసరికి ఎనిమిదిన్నర.

దారి చెబుతాను, రాసుకోండి. బొంబాయి రోడ్డు మీద మియాపూర్ వైపు వెళ్లి ఎడమకు తిరిగితే హఫీజ్‌పేట్ రైలుగేటు. అక్కడిదాకా రోడ్డు బాగానే ఉంటుంది, ఆశపడకండి. మేము వెళ్లేసరికి గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినంతసేపు నిలబడి, వెనక్కి కూడా కొంత వెళ్లి, మళ్లీ ముందుకు కదిలింది. ఇరవై అయిదు నిమిషాలు! గేటు దగ్గర టీ పావలా, గ్లాసులో సగమే. గేటు తీశాక రాళ్ల రోడ్డు మొదలు. కొండాపూర్ చేరేసరికి గడియారం పదీ అయిదు చూపిస్తోంది, రేడియేటరు పొగలు కక్కుతోంది. అక్కడ టీ హోటలు ముందు ఆపి, నీళ్లు పోస్తూ, చింతచెట్టు కింద నిలబడ్డ ఒకాయన్ను మణికొండకు ఎటు వెళ్లాలని అడిగాను. నలభై ఏళ్లుంటాయి, భుజాన కంబళి. పేరు మల్లయ్య అని తరవాత తెలిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా గుంటూరు వైపు ఇంటికి అద్దె, బండికి బాడుగ. ఇక్కడికొచ్చి అద్దె ఇల్లు అంటే ఎవరూ పట్టించుకోలేదు. కిరాయి ఇల్లు అనాలని బావమరిది నేర్పించాడు. ఎనిమిది నెలలుగా కనబడ్డవాడినల్లా కిరాయి కిరాయి అని అడిగి నోరు అరిగిపోయింది. కాబట్టి మల్లయ్య నన్నూ, ఒళ్లో గిన్నెతో కూర్చున్న సరోజనూ, కారునూ ఎగాదిగా చూసి, "మణికొండకేనా సారూ? కిరాయేనా?" అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. చూశావా, మన అవసరం మన మొహం మీదే తెలిసిపోతోంది అనుకుని, "అవునండీ, కిరాయికే!" అన్నాను.

"మంచిగైంది. జర ఆగు, అమ్మను తోల్కొస్త."

వాళ్లమ్మకు ఊళ్లో ఇళ్ల సంగతులన్నీ తెలుసు కాబోలని మేమిద్దరం సంతోషంగా ఎదురుచూశాం. రెండు నిమిషాల్లో మల్లయ్య, హోటలాయన కలిసి ఒక ముసలమ్మను చేతుల మీద మోసుకొచ్చారు. ఆమె కుడికన్నుకు ఇంత మందాన కట్టు. వెంట ఒక మూట, గంపలో రెండు కోళ్లు.

"యెనక తలుపు లేపు సారూ, అమ్మను పండవెట్టాలె," అన్నాడు మల్లయ్య.

"పడుకోబెట్టడమేమిటండీ?"

"కన్ను ఆపరేషన్ జేసిన్రు. ఎనిమిది దినాలు దవాఖానల ఉండి వస్తున్నం. ఈడిదాంక బస్సుల నా ఒళ్లె పండవెట్టుకొని వచ్చినం. తల కదిల్తె కన్ను పోతదన్నడు డాక్టర్ సాబ్. ఎడ్లబండిల ఎక్కిస్తె కదల్దా మరి? నీ బండి చూసినంక పానం నిమ్మలమైంది."

"అయ్యా, ఇది కిరాయి బండి కాదు!"

"కిరాయికే అంటివి గద సారూ!"

"నేనన్నది ఇంటి కిరాయి, మహాప్రభో! ఇంటి కిరాయి!"

"ఇంటికే సారూ. ఫికర్ జెయ్యకు, ఇంటి ముందల దించుతె సాలు."

ఇక ఏం చెప్పమంటారు? నాకు ఒళ్లు మండిపోయింది. నోట్లో మాట నోట్లో ఉండగానే సరోజ కిందికి దిగింది. వెనక సీటు మడిచింది, తలుపు లేపింది, కంబళి పరిపించింది. తను లోపల ఒదిగి కూర్చుని ముసలమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. పాలగిన్నె మల్లయ్య చేతుల్లో పెట్టి, "ఒలికించకు అన్నా, పాలు పొంగించాలి," అని ముందు సీట్లో కూర్చోబెట్టింది. కోళ్ల గంప నా తోలు సీటు పక్కకు వచ్చి చేరింది. ముసలమ్మ పేరు బాలమ్మ. కదలొద్దన్నది తలనే కాబట్టి నోరు మాత్రం బాగానే కదుపుతోంది. ఏ ఊరు బిడ్డా, ఎందరు పిల్లలు బిడ్డా అంటూ మొదలుపెట్టి, గచ్చిబౌలి వచ్చేలోపల మా ఎనిమిది నెలల కథ, వదిన ఉప్పు డబ్బాతో సహా, మొత్తం రాబట్టేసింది.

గచ్చిబౌలి దగ్గర గడియారం పదిన్నర దాటింది. మామూలుగా అక్కడినుంచి మణికొండ పావుగంట. తల కదలకుండా వెళ్లాలంటే గంట. నిజం చెప్పేస్తున్నాను, నా బుద్ధి గడ్డి తిన్నది. కొంచెం తొక్కితే ఏమవుతుందిలే అని తొక్కాను. యాభై గజాలు పోలేదు, అడుగున రాయి తగిలి ఠంగుమంది. వెనక నుంచి "అమ్మా!" అని బాలమ్మ కేక.

"ఆగండి!" అని అరిచింది సరోజ. ఆమె అరవడం నేనెన్నడూ వినలేదు. "ఇల్లు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. కన్ను దొరుకుతుందా? నెమ్మదిగా పోనివ్వండి."

ఎనిమిది నెలలుగా ఇల్లు ఇల్లని నన్ను నిద్రపోనివ్వని మనిషి అన్న మాట అది. నాకు సిగ్గేసింది. ఆ పైన ప్రతి గుంట ముందూ ఆపి, మల్లయ్య దిగి రాయి తీసి పక్కన వేసి, మళ్లీ ఎక్కి, అలా వెళ్లాం. ఒక మేకల మంద మమ్మల్ని దాటి ముందుకు వెళ్లిపోయింది. రాయదుర్గం దాటాక ఎండ నడినెత్తికొచ్చింది. పదకొండు గంటలు కావడం గడియారంలో చూసి, తరవాతి గుంట ముందు మళ్లీ ఆపాను. సరోజ కొంగుతో బాలమ్మ మొహం మీద ఎండ పడకుండా కాస్తోంది.

మణికొండ చేరేసరికి పదకొండూ ఇరవై అయిదు. ఊరి మొదట్లోనే నరహరి గారి ఇల్లు. బాలమ్మ వాళ్ల సందులోకి కారు పోదు, కాబట్టి అక్కడే ఆపాలి. నరహరి గారు తాళంచెవి పట్టుకుని అరుగు మీదే ఉన్నారు. వస్తామన్న ఆ వేరేవాళ్లు రానేలేదట! హమ్మయ్య అనుకుని నవ్వుతూ దిగాను. ఆయన నవ్వలేదు. లేస్తున్న వెనక తలుపునూ, లోపల పడుకున్న ముసలమ్మనూ, మూటనూ, కోళ్లనూ వరసగా చూశారు. సరిగ్గా అప్పుడే మల్లయ్య ధోవతి చెంగు ముడి విప్పి, అయిదు రూపాయల నోటు నా చేతిలో పెట్టి, "కిరాయి సాలుతదా సారూ?" అన్నాడు.

"సర్కారు నౌకరి అంటివి," అన్నారు నరహరి గారు. "కిరాయిలు గొడుతున్నవా? డ్రైవర్లకు నేను ఇల్లియ్యను. ఏ యాళకో వస్తరు, తాగొస్తరు."

నేను ఆఫీసు గుర్తింపు కాగితం తీశాను. ఆయన చూడలేదు. కారు నాదేనని చెబితే ఇంకా చెడింది. సొంత బండి పెట్టి కిరాయి కొట్టేవాడు ఇంకా ముదురని ఆయన లెక్క. తాళంచెవి బొడ్లో దోపుకుని లోపలికి వెళ్లిపోయారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. సరోజ పాలగిన్నె మూత తీసి చూసింది. విరిగిపోయాయి. పొద్దుటి నుంచి ఓర్చుకున్న మనిషికి అక్కడ కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పటికి మల్లయ్య చేతుల మీదికి ఎత్తుకున్న బాలమ్మ అంతా విన్నది. "ఏడుస్తున్నవా బిడ్డా? ఓని ఇల్లు పాడుగాను, ఊకో," అంది. "మాకు జొన్నలు పోసుకునే రెండర్రలున్నయి. పొయ్యి ఉన్నది. కిరాయి నీకు తోచింది ఇయ్యి. నెలకొక్కసారి దవాఖానకు గిట్లనే పండవెట్టి తోల్కపో, సాలు."

నేను గదులు ఎలా ఉన్నాయి, గాలి వస్తుందా అని అడగబోయాను. సరోజ కళ్లు తుడుచుకుని అప్పటికే ఆవిడ వెంట నడుస్తూ, "పొయ్యి ఎటువైపు పెద్దమ్మా?" అంది. మల్లయ్య భార్య బర్రె పాలు తెచ్చి గిన్నెలో పోసింది. పన్నెండూ పదికి పాలు పొంగాయి. అయిదు రూపాయల నోటు మల్లయ్య తిరిగి తీసుకోనన్నాడు.

ఏడాదయింది. ఆ రెండు గదుల్లోనే ఉన్నాం. జొన్నపురుగులు ఇంకా నా చొక్కాల్లో దొరుకుతున్నాయి. కారు ఊరి మొదట్లో ఎండకు ఎండుతోంది, తోలు సీటు మీద కోళ్ల గోళ్ల ముద్రలు చక్కగా పడ్డాయి. ఊరంతా నన్ను కిరాయి సారు అంటారు. నెలనెలా దవాఖాన ప్రయాణం ఉంది, ఇప్పుడు బాలమ్మతో పాటు ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూడా. ఈ కారు కొనమని పగవాడికి కూడా చెప్పను. కట్టు విప్పి, కంటద్దాలు పెట్టిన రోజు బాలమ్మ మొదట సరోజ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత కారును చూసి, "గీ డబ్బలనా నన్ను తెచ్చింది!" అంది. నాకు కోపం రాలేదంటే నమ్మండి.

వెళ్లేవారికి ఒకే ఒక్క సలహా. నీళ్ల బిందె, తోసే మనుషులు ఎలాగూ కావాలి. కొండాపూర్‌లో ఎవరైనా "కిరాయేనా?" అంటే మాత్రం తల ఊపే ముందు, "దేని కిరాయి?" అని అడగండి. అడగకపోతే ఏమవుతుందంటారా? మాకైతే వంటిల్లు దొరికింది. మీకూ దొరుకుతుందని పూచీ ఇవ్వలేను.