జనగామకర్నూలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదనుకునేవాణ్ణి. తెలిసిన ఒక్క ముక్కను మాత్రం చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇరవై ఏళ్లు దాచిన ఆ ముక్కే ఇది.

నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఒక పార్సిల్ ఆఫీసు. కంప్యూటర్ నల్ల తెర మీద ఒక్కో ప్రశ్న వచ్చేది: పంపేదెవరు? ఏ ఊరు? జవాబు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఆ ప్రోగ్రాం రాసిన మేధావిని నేనే. కౌంటర్‌లో కూర్చునే అక్క (అందరికీ అక్కే, ఓనరు సేఠ్‌కు కూడా) ఒకరోజు, "పొద్దంత జనగామ, జనగామ అని కొట్టి వేళ్లు పోతున్నయ్ తమ్మీ, జర ఏమన్న చెయ్యి" అంది. చేశాను. 'ఏ ఊరు?' అనగానే పక్కన 'జనగామ' ముందే పడి ఉండేది. "ఉత్త ఎంటర్ కొట్టక్కా" అన్నాను. మురిసిపోయి ఇరానీ చాయ్ తాగించింది. వేరే ఊరైతే ఆ జనగామను చెరిపి కొట్టాలని మాత్రం చెప్పలేదు. (చాయ్ ధ్యాసలో పడ్డాను.)

చీటీ మీద నుంచి చూపు తిప్పకుండా టకటకా కొట్టడం అక్క గొప్ప. మర్నాడు పెళ్లి చీరల మూట ఒకటి వచ్చింది. ఆమె కర్నూలు అని కొట్టింది. లేబుల్ మీద 'జనగామకర్నూలు' అని పడింది. హమాలీ మొదటి సగం చదివి, మూటను జనగామ లారీలో వేశాడు.

పెళ్లివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. రసీదు నకలు మీద అదే పేరు చూసి సేఠ్ కోపంతో ఊగిపోయాడు. "గిదేం ఊరక్కా? ఏ జిల్లాల ఉన్నది?"

"నేను కర్నూలే కొట్టిన సేఠ్, ఒట్టు! తమ్మీ, నువ్వన్న చెప్పు. కొత్తది కొడితే పాతది పోతది గదా?"

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే అక్క కుర్చీ పోతుంది. "చూసుకొని కొట్టాలె గదక్కా" అన్నాను.

సాయంత్రానికి చీరలు దొరికాయి, పెళ్లి ఆగలేదు. అక్కను మాత్రం గోదాంలో లేబుళ్లు అంటించే పనికి మార్చారు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా, కొత్తది కొట్టగానే పాతది పోయేలా ప్రోగ్రాం సరిచేశాను.

పోయిన నెల మొజంజాహీ మార్కెట్‌లో సపోటాలు నొక్కి చూస్తూ అక్క కనబడింది. "ఏంది తమ్మీ, జుట్టంత ఏడ వెట్టినవ్?" అని నవ్వింది. ఇన్నేళ్లుగా మనసులో ఒక జవాబు ముందే పడి ఉంది: అప్పటి కంప్యూటర్లే అట్లాంటివి అక్కా. దాన్ని మొత్తం చెరిపేశాను.

"ఆ చీరల మూట తప్పు నీది కాదక్కా, నాది. పాతది పోదని నాకు ఎరుకే. సేఠ్ ముంగట గూడ చెప్పలే."

అక్క చేతిలోని సపోటాను తిరిగి గంపలో పెట్టింది. "గిన్నేండ్లు నా వేళ్లనే తిట్టుకున్న గదరా" అంది, రెండు చేతులూ చాపి. "నాకెందుకు, వీటికి చెప్పు."

పండ్ల దుకాణం ముందు, బట్టతల వంచి, ఆ పది వేళ్లకూ చెప్పాను: మాఫ్ చెయ్యండి.