హెంగ్ కుంపటి

చైనాలోని చౌజౌ పాత వీధుల్లో టీ కాయడం చేతకానివారు లేరు. హెంగ్ బున్‌కియాం అంత నిదానంగా కాచేవాడు మాత్రం మరొకడు లేడు. ఎర్రమట్టి కుంపటిలో ఆలివ్ గింజల బొగ్గు పేర్చి, విసనకర్రతో కాస్త విసిరి, మట్టి కెటిల్ మీదికి వంగి నీళ్ళ సవ్వడి వింటాడు. నిమ్మకాయంత టీ కూజాను అరచేతిలో నిమురుతూ దాన్ని చేసిన కుమ్మరి వంశచరిత్ర చెబుతాడు. టీ అమోఘం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎవరేమడిగినా నీళ్ళు మరగకముందు జవాబివ్వడు, మరిగాక ఆ ప్రశ్న అతనికి గుర్తుండదు. దీన్ని అతడు ఓపిక అంటాడు. నేను చూసినంతలో అది పిరికితనం.

మొన్న చెల్లెలు సోక్‌ఎంగ్ వచ్చింది. నడవలేని తల్లిని ఆరేళ్ళుగా తానొక్కతే చూసుకుంటున్న ఆమెకు వెన్నెముక ఆపరేషన్ తేదీ దగ్గరపడింది.

"రెండు నెలలు అమ్మను ఉంచుకుంటావా, అన్నా?"

"ముందు టీ తాగమ్మా. తొందరపెడితే నీళ్ళ రుచి చచ్చిపోతుంది."

ఆమె మళ్ళీ అడిగింది. అతడు మళ్ళీ విసనకర్రతో కుంపటికి విసిరాడు. చివరికి బుల్లి కప్పులో టీ పోసి, ఈ ఏటి ఆకు వాసన గురించి చెప్పి పంపించాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చి కుంపటి పక్కన నిలిపింది. బట్టల సంచీ దించింది.

"నీళ్ళు పెట్టుకో అన్నా, తొందరేం లేదు. అవి మరిగేలోపు ఆపరేషన్ చేయించుకుని వస్తా."

ఆమె వెళ్ళిపోయింది. "దాహంరా," అంది తల్లి. హెంగ్ గబగబా విసరసాగాడు. నీళ్ళు త్వరగా మరిగితే బాగుండునని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది.