నాలుగు ఉల్లిపాయల ఈస్టరు

నా చిన్నప్పుడు ఒక ఈస్టరు ముందురోజున మా ఇంట్లో మిగిలినవి గుప్పెడు బియ్యం, నాలుగు ఉల్లిపాయలు. మేమప్పుడు విశాఖపట్నంలో లేము. మా నాన్న పోర్టులో క్రేన్ల మెకానిక్కు. పని మీద పోలండులో ఓ రేవుపట్నానికి పంపితే మమ్మల్నీ వెంట తీసుకెళ్లాడు. ఆ వారం ఓడ మీద పనుందని, నాలుగు రోజుల్లో వస్తానని వెళ్లాడు. నాకు ఏడేళ్లు, తమ్ముడికి మూడు నెలలు.

తప్పు మా అమ్మదే. కానీ మా ఊరివాళ్లెవరైనా అదే తప్పు చేస్తారు. భాష రాక, ఒక్కతే బయటికెళ్లడానికి జంకి, ఉన్నదాంతో సర్దుకొచ్చింది. పండగ ముందురోజంటే మా విశాఖ పూర్ణా మార్కెట్టు రాత్రి దాకా కిటకిటలాడుతుంది కదా, అలాగే ఇక్కడా సాయంత్రం కొనుక్కోవచ్చనుకుంది. తీరా వెళ్తే వీధి వీధంతా తాళాలే. దారిన పోయే ముసలాయన మూసిన కొట్టు చూపించి, రెండు వేళ్లు ఎత్తి, తల అడ్డంగా ఊపాడు. ఇంకా రెండు రోజులు తెరవరని అమ్మకి అర్థమైంది. తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ చలిలో అలాగే నిలబడిపోయింది.

రెండు రోజులుగా తన అన్నం కూడా నాకే పెట్టడంతో ఆమెకి పాలు పడటం లేదు. ఇంటికొచ్చి వాణ్ణి రొమ్ముకి ఆనిస్తే, లాగి లాగి వదిలేసి గుక్కపట్టాడు. కాసేపటికి ఆ ఏడుపు కూడా సన్నబడింది. నాకు ఏడుపు కంటే అదే భయమేసింది.

అప్పుడు పక్కింటి ముసలమ్మ తలుపు తట్టింది. చేతిలో గిన్నె. మా బుట్టలోని ఉల్లిపాయలు చూపించి ఏదో అడిగింది. అమ్మ బుట్ట తెచ్చి, ఆవిడ ముందే బోర్లించి, నాలుగూ గిన్నెలో పడేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మనకేటే?" అని అరిచాను.

"ఊరుకో అమ్మీ, ఆవిడికీ ఏటీ నేదు కావాల" అంది.

ఆ క్షణాన మా అమ్మంత తెలివితక్కువ మనిషి లోకంలో లేదనిపించింది.

ముసలమ్మ నవ్వబోయి ఆగింది. ఆవిడకి కావలసింది పాయలు కాదు, పైతొక్కలు. వాటితో పండగ గుడ్లకి రంగు వేస్తారట, ఆవిడ దగ్గరున్నవి చాలలేదట. తొక్కలు వలుచుకుని పాయలు తిరిగి అమ్మ చేతిలో పెట్టింది. బోర్లించిన బుట్ట చూసింది. పొయ్యి వైపు చూసింది. తమ్ముణ్ణి చూసింది. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

గంటలో రొట్టె, పాలసీసా, వేడి చారు పట్టుకుని తిరిగొచ్చింది. తెల్లారి మమ్మల్ని తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇటుక రంగు గుడ్డు కోసి తలా ఒక ముక్క పెట్టింది. అమ్మ తింటూ ఏడ్చింది. ఆ సాయంత్రానికి తమ్ముడు మళ్లీ ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

చాలా ఏళ్లకి, మళ్లీ విశాఖ వచ్చేశాక, కూర్మన్నపాలెంలో మా ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ఆ రోజు నీకంత దానగుణం ఎక్కడిదే అని అమ్మని ఆటపట్టించాను. అమ్మ నవ్వలేదు.

"దానగునవా, సింగినాదవా! అడగడానికి నాకు నోరు రానేదమ్మీ. ఉట్టి బుట్ట సూస్తాదని బోర్లించాను."

అమ్మ ఇప్పుడు లేదు. ఎవరైనా ఉన్నదంతా తెచ్చి నా చేతిలో పెట్టబోతే, తీసుకునే ముందు వాళ్ల పొయ్యి వైపు ఒకసారి చూస్తాను.