గ్రేట్ డేన్‌తో గుంటూరుకి

ఆ కుక్క మా ఇంటికి వచ్చేనాటికి దానికి ఏడాది కూడా నిండలేదు. అయినా నిలబడితే దాని వీపు నా నడుము దాకా వచ్చేది. ఆ జాతిని గ్రేట్ డేన్ అంటారట. మా ఆయన స్నేహితుడొకాయన గుంటూరులో ఫ్లాట్ కొనుక్కుని వెళ్తూ, అక్కడ దీన్ని పెంచడం కుదరదని మాకిచ్చి వెళ్ళాడు. మాది పర్చూరు పక్కన పల్లె. మిరప, పత్తి వేస్తాం. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే కల్లం. కాయలు ఎండబెట్టే రోజుల్లో కాపలాకి పనికొస్తుందని మా ఆయన సరేనన్నాడు.

మా అత్తయ్యకి మాత్రం ఇష్టం లేదు. ఐదు పూటలా నమాజు చేసుకునే మనిషి. కుక్క చొంగ బట్టలకి తగిలితే ఆ బట్టలతో నమాజుకి నిలబడదు. "కల్లంలో ఉంటే ఉండనీ, నా జోలికి మాత్రం రానీయకు" అంది. దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు ఆవిడకి నోరు తిరగలేదు. దూరం నుంచే "ఒరేయ్" అని పిలిచేది. కొన్నాళ్ళకి అది ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టింది.

నా భయం మొదటి నెలలోనే మొదలైంది. కుక్క ముందు కాలు సరిగ్గా ఆనించేది కాదు. పడుకుని లేవాలంటే ముసలివాళ్ళలా రెండు మూడుసార్లు ప్రయత్నించేది. గుంటూరు తీసుకెళ్ళి బ్రాడీపేటలో ఒక పశువుల డాక్టరమ్మకి చూపించాం. పాత యజమాని ఇచ్చిన కాల్షియం డబ్బా చూసి ఆవిడ పక్కన పెట్టేసింది.

"ఇది ఆపేయండమ్మా. ఇవి అసలే గబగబా పెరిగే కుక్కలు. ఒళ్ళు పెరిగినంత తొందరగా కీళ్ళు గట్టిపడవు. బలం అని ఎక్కువ పెడితే కాళ్ళు వంకర్లు పోతాయి. సన్నగానే పెరగనివ్వండి. మెట్లెక్కించొద్దు."

లేచి వచ్చేస్తుంటే మళ్ళీ కూర్చోమంది. "ఇంకోటి చెప్తాను, ఇది మర్చిపోవద్దు. ఛాతీ ఇంత లోతుగా ఉండే కుక్కలకి ఒక్కోసారి కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతుంది. కక్కాలని చూస్తాయి, ఏమీ రాదు. పొట్ట బిగుసుకుపోతుంది. అప్పుడు సోడా, వాము నీళ్ళు అంటూ ఇంట్లో కూర్చోవద్దు. ఆలస్యమైతే దక్కదు. వెంటనే బయలుదేరి రండి."

ఆ మాట విన్నాక నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. ఒకేసారి పెట్టే అన్నాన్ని మూడుసార్లుగా పెట్టడం మొదలుపెట్టాను. తిన్నాక పరిగెత్తకుండా గొలుసు వేసి పక్కనే కూర్చునేదాన్ని. మాటిమాటికీ పక్కటెముకల వెనక నొక్కి చూసేదాన్ని. అది కాస్త గట్టిగా త్రేన్చినా చేతిలో పని వదిలేసి వెళ్ళేదాన్ని. "పిల్లల్ని పెంచినప్పుడు కూడా నీకింత బెంగ లేదు" అని మా ఆయన నవ్వేవాడు. పిల్లలైతే ఎక్కడ నొప్పో చెప్తారు కదా అనేదాన్ని.

మార్చిలో ఒకరోజు మా ఆయన ఎండుమిరప టిక్కీ బస్తాలు లారీకెక్కించుకుని తెల్లవారేసరికే గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. రెండో కోత కాయలు కల్లంలో ఎండుతున్నాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక దక్షిణం వైపు మబ్బు పట్టింది. కూలికొచ్చిన ఆడవాళ్ళు కాయలు కుప్ప చేస్తుంటే నేను కప్పడానికి పట్టాలు తీసి ఇస్తున్నాను. కుక్క ఒకచోట నిలవడం లేదని అప్పుడు గమనించాను. కూర్చుంటుంది, లేస్తుంది, తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటుంది. మెడ సాచి కక్కబోయింది. తెల్లటి నురగ తీగలా కారింది తప్ప ఇంకేమీ రాలేదు. ఇంకోసారి. మళ్ళీ అంతే.

దగ్గరికెళ్ళి పొట్ట మీద చెయ్యి వేశాను. ఫుట్‌బాల్‌లా గట్టిగా ఉంది. వేళ్ళతో తడితే డప్పు మోగినట్టు మోగింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే రెండు ముక్కలు వినగానే, "వచ్చేయండమ్మా, నేను అన్నీ సిద్ధం చేసి ఉంచుతాను" అంది. మా ఆయనకి చేశాను. యార్డు గోలలో వినపడలేదేమో, ఎత్తలేదు.

ఇంట్లో కారుంది. నేను నడపడం నేర్చుకున్నాను గానీ పర్చూరు బజారు దాకా వెళ్ళి రావడమే తప్ప హైవే ఎక్కింది లేదు. తాళాలు తీసుకుని నిలబడిపోయాను. అత్తయ్య కుప్పల దగ్గర నుంచి వచ్చింది.

"ఏమైంది దానికి?"

"డాక్టరమ్మ చెప్పిన జబ్బే అత్తయ్యా. కడుపు మెలిబడినట్టుంది. గుంటూరు తీసుకెళ్ళాలి."

ఆవిడ మబ్బు వైపు చూసింది. కాయల వైపు చూసింది. ఏడాది పంట అది. తడిస్తే ఏమవుతుందో ఆవిడ నాకు చెప్పక్కర్లేదు. వద్దంటుందనే అనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి కూలీల పెద్దావిడతో, "పట్టాలు కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టించమ్మా, ఇదిగో నిన్ను నమ్మి వెళ్తున్నాను" అని చెప్పి నా దగ్గరికొచ్చింది.

"పద. నువ్వు నడుపుతుంటే వెనక దాన్ని పట్టుకునేదెవరు?"

నలుగురం కలిసి దాన్ని వెనక సీట్లోకి ఎత్తాం. అత్తయ్య ఓ మూలకి ఒదిగి కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుంది. నురగంతా ఆవిడ చీర మీద కారుతోంది.

"అత్తయ్యా, మీ చీర..."

"ఉతుక్కుంటాను. నువ్వు ముందు చూసి నడుపు."

చిలకలూరిపేట దాటి హైవే ఎక్కేసరికి వాన అందుకుంది. పత్తి బేళ్ళ లారీలు పక్క నుంచి పోతుంటే నీళ్ళు అద్దం మీద కొట్టి ఏమీ కనిపించేది కాదు. స్టీరింగ్ పట్టుకున్న చేతులు చెమటకి జారుతున్నాయి. వెనక దాని ఊపిరి రొప్పుగా వినపడేది. వినపడకపోతే ఇంకా భయం.

"ఉందా అత్తయ్యా?"

"ఉంది."

కాసేపటికి మళ్ళీ అడిగాను. ఆవిడ పెదాల మీదే ఏదో చదువుకుంటోంది. అది పూర్తిచేసి, "నన్నడగకు, నడుపు" అంది. ఆ తర్వాత అడగలేదు. "ఒరేయ్, కళ్ళు తెరువు. ఇటు చూడు" అని ఆవిడ దానితో అంటున్న మాటలు వింటూ నడిపాను.

డాక్టరమ్మ గుమ్మంలోనే ఉంది. బల్ల మీద పడుకోబెట్టి డొక్కలో లావుపాటి సూది గుచ్చితే గాలి బుస్సుమని బయటికొచ్చింది. గదంతా పులిసిన వాసన. ఎక్స్‌రే చూసి చెప్పింది.

"మెలిబడింది. కోసి సరిచేయాలి. మళ్ళీ తిరగకుండా కడుపుని లోపల పక్కకి కుట్టేస్తాను. గుండె తట్టుకుంటుందా లేదా అన్నది నేను చెప్పలేనమ్మా."

చెయ్యమన్నాను. బయట బల్ల మీద కూర్చున్నాం. పక్క వీధి మసీదులో సాయంత్రపు అసర్ అజాన్ వినిపించింది. అత్తయ్య లేచి మొహం కడుక్కుని వచ్చి, తన చీర వైపు ఒకసారి చూసుకుని మళ్ళీ కూర్చుంది. "తప్పిన పూటకి ఇంటికెళ్ళాక ఖజా చేసుకుంటాలే" అంది. నాకు తెలిసి పూట తప్పించిన మనిషి కాదు. జ్వరంలో కూడా మంచం మీద కూర్చుని చేసుకుంది.

నా ఫోన్ ఆలస్యంగా చూసుకుని తిరిగి చేసి సంగతి విన్న మా ఆయన యార్డు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీది మిరప ఘాటుకి అక్కడ కూర్చున్నవాళ్ళందరూ తుమ్మారు. కాయల సంగతి అడుగుతాడనుకున్నాను. "బతుకుతుందా?" అని అడిగాడు. అత్తయ్యే, "లోపలుంది, కూర్చో" అంది.

బతికింది. కానీ ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె లయ తప్పుతూనే ఉందట. కుట్లు మానాక స్కానింగ్ చేస్తే గుండె ఉండాల్సినదానికంటే సాగి, పలచబడి ఉందని తేలింది. ఈ జాతిలో అదీ మామూలేనంది డాక్టరమ్మ. రెండు పూటలా మాత్రలు, ఎండలో తిప్పకూడదు, ఎక్కువ ఆడించకూడదు. ఇక కల్లంలో కాయలు, అడుగున నీళ్ళు చేరి అంచుల్లో కొన్ని రంగు మారాయి. వాటిని ఏరి, తక్కువ ధర పలికే తాలుకాయల్లో పడేశాం. ఆ నష్టం గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు మాత్రలు అత్తయ్యే వేస్తుంది. రొట్టెముక్కలో దాచి పెడుతుంది, తర్వాత మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. అది వసారాలో పడుకుంటే నేను పనిచేసుకుంటూనే దాని పక్కటెముకలు కదులుతున్నాయో లేదో చూస్తుంటాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య కాస్త ఎడం వస్తే నాకు చెయ్యి ఆడదు.

కిందటి వారం మళ్ళీ చూపించుకొచ్చాం. డాక్టరమ్మ చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విని, "ఇలాగే ఉంది, మాత్రలు మానొద్దు" అంది. తిరిగొస్తుంటే కారులో వెనక నుంచి అత్తయ్య అడిగింది.

"ఇలాగే ఉందంటే బాగున్నట్టా, బాగాలేనట్టా?"

"తెలీదత్తయ్యా. అడగబుద్ధి కాలేదు."

"మంచి పని చేశావు" అంది ఆవిడ. కుక్క కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీలుస్తోంది. నేను కారు ఇంకొంచెం నెమ్మది చేశాను.