మోగని బొమ్మ

1997 వేసవిలో మదనపల్లెలో చేసిన బొమ్మను పుంగనూరు కుమ్మరి ఆవంలో కాల్పించాను. అంతకుముందు ఆరు పగిలాయి, ఇది ఏడోది. కాలేసరికి నా మట్టి నూటికి పదకొండు వంతులు కుదించుకుంటుంది. బొమ్మ నిలబడేందుకు లోపల పెట్టే ఇనుప కడ్డీ కుదించుకోదు, మట్టే పగులుతుంది. అందుకని కడ్డీకి ఆ మేరకు కాగితం చుట్టి, దాని మీద మట్టి పెట్టాను. ఆవంలో కాగితం కాలిపోయి, మట్టి కుదించుకోవడానికి చోటు వదులుతుంది.

ఆవం తెరిచిన రోజు సాయంత్రమే కుప్పంలో ప్రదర్శన. ఎనిమిదో బొమ్మ నా దగ్గర లేదు.

కుమ్మరాయన బొమ్మను బయటికి తీసి, కుండను కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టాడు. మోత రాలేదు.

"పగిలుండాదమ్మా."

"యాడ పగిలిందో చూపించప్పా."

"ఇది సెవి పని, కంటి పని కాదు. నువ్వు లెక్కలేసుకుంటే మట్టి ఇంటాదా?"

నలభై ఏళ్లుగా కుండలు కొట్టి చూసిన చెవి అది. అయినా నేను తడిగుడ్డతో బొమ్మంతా తుడిచాను. పగులుంటే మిగతా అంతా ఆరినా అక్కడ తడి గీత నిలుస్తుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మెడ ఆరింది, నడుము ఆరింది. పాదం దగ్గర జానెడు గీత మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపటికి అదీ ఆరింది.

ఆయన మళ్లీ కొట్టాడు. మోత మళ్లీ రాలేదు.

"కడుపులో ఇనుము పెట్టుకోని యాడ మోగుతాది?" అంటూ తనే గడ్డి తెచ్చి, కుప్పం దారిలో దెబ్బ తగలకుండా బొమ్మకు చుట్టాడు.